ఇంజిన్ ఆపితే ఏసీ కూడా ఆగుతుంది: లారీలో పడక గురించి కేంద్ర మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ గారికి,

నమస్కారం. మాది అనంతపురం జిల్లా తాడిపత్రి. ఇక్కడ ఒక లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. బండలు, సిమెంటు, అరటి, చీనీ, ఏ సరుకు ఊరు దాటాలన్నా లారీయే దిక్కు. ఓనర్లతో, డ్రైవర్లతో రోజూ మాట్లాడే ఉద్యోగం కాబట్టి ఇద్దరి బాధలూ తెలుసు.

2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ ఉండాలని మీ శాఖ నిబంధన తెచ్చింది. ఎండాకాలంలో 43, 44 డిగ్రీలు చూసే మా సీమలో దాని విలువ డ్రైవర్లకు బాగా తెలుసు. అందుకు మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. కానీ ఆ ఏసీ ఇంజిన్ తిరుగుతున్నంతసేపే పనిచేస్తుంది. డ్రైవర్ నిద్రపోవాలంటే బండి ఆపాలి కదా!

పైగా మా డ్రైవర్లలో చాలామంది నిద్రపోయేది పగలే. బెంగళూరు, హైదరాబాద్‌లలోకి పగటిపూట చాలా గంటలు పెద్ద లారీలను రానివ్వరు. అందుకని రాత్రంతా 44వ నంబరు హైవే మీద నడిపి, తెల్లారాక ఊరి బయట ఎక్కడో ఆపుతారు. అప్పటికే ఎండ ఎక్కుతుంది. క్యాబిన్ కింద ఇంజిన్ సెగ గంటల తరబడి తగ్గదు. ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచితే డీజిల్ ఖర్చు, ఓనర్ ఒప్పుకోడు. ఓనర్‌ను అని లాభం లేదు, కిరాయిలు అలా ఉన్నాయి. చివరికి డ్రైవర్ లారీ కిందే పట్టా పరుచుకుని పడుకుంటాడు. కాసేపల్లి, మరూరు టోల్‌గేట్ల వైపు వెళ్లేటప్పుడు ఆగిన లారీల కింద చూడండి, ఎంతమంది కనిపిస్తారో.

పాతకాలం లారీలకు ఇంజిన్ ముందు, క్యాబిన్ దాని వెనక ఉండేది. ఇప్పుడు దాదాపు అన్నీ క్యాబ్ ఓవర్‌లే, అంటే ఇంజిన్ మీదే క్యాబిన్. ఇందులో మేలు లేకపోలేదు. బండి మొత్తం పొడవు అంతే ఉన్నా సరుకు వేసే బాడీకి ఎక్కువ చోటు మిగులుతుంది. ముందున్న మనిషి, బైకు దగ్గరగా కనిపిస్తారు. మా ఊళ్లో పాలిషింగ్ యూనిట్ల సందుల్లో తిప్పడానికి ఇదే వీలు. క్యాబిన్ ముందుకు వంచితే మెకానిక్ పని సులువు. నష్టమూ ఉంది. డ్రైవర్ సరిగ్గా ముందు చక్రాల మీద కూర్చుంటాడు కాబట్టి ప్రతి గుంతా నడుముకు తగులుతుంది. ఎదురుగా గుద్దుకుంటే అతని కాళ్లకు ముందు అడ్డం ఏమీ ఉండదు. అయినా ముక్కున్న లారీలు మళ్లీ రావాలని నేను అడగను. మన రోడ్లకు, మన యార్డులకు క్యాబ్ ఓవరే సరిపోతుంది. అందులో పడకకు చోటు మిగలకపోవడమే నేను చెప్పే బాధ.

మిగలకపోవడానికి కారణం పొడవు లెక్క. మామూలు లారీ 12 మీటర్లు దాటకూడదు. క్యాబిన్‌కు అడుగున్నర ఎక్కువ ఇస్తే బాడీలో అడుగున్నర పోతుంది. ఆదోని నుంచి పత్తి బేళ్లు వేసే ఓనర్‌కు అది నిజంగా నష్టమే, బేళ్లకు బరువు కంటే చోటు ముఖ్యం. తాడిపత్రి బండలకు, ఎర్రగుంట్ల సిమెంటుకు లెక్క వేరు. 2018లో బరువు పరిమితి పెంచాక కూడా పది టైర్ల లారీ లోడుతో కలిపి 28.5 టన్నులు దాటకూడదు. బండలు బాడీ నిండకముందే ఆ బరువు వచ్చేస్తుంది. వెనక చోటు ఖాళీగానే పోతుంది. అలాంటి లారీలో కూడా డ్రైవర్ కాళ్లు ముడుచుకుని పడుకోవాల్సి రావడం చూస్తే నాకు కడుపు మండుతుంది.

నేషనల్ పర్మిట్ లారీలో, అంటే రాష్ట్రాలు దాటి తిరిగే అనుమతి ఉన్న లారీలో, డ్రైవర్ సీటు వెనక ఈ చివర నుంచి ఆ చివరిదాకా సీటు ఉండాలని, రెండో డ్రైవర్ ఒళ్లు చాపుకుని నిద్రపోయేలా ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే రాశారు. ఆలోచన ఎంత మంచిదో! కానీ ఆ సీటు ఎంత వెడల్పు ఉండాలో ఆ వాక్యంలో లేదు. పలక లాంటి సన్నటి సీటు ఒకటి బిగించినా నిబంధన పాటించినట్టే అయిపోతోంది. ఇక రెండో డ్రైవర్ సంగతంటారా, చాలా లారీల్లో క్లీనర్ కూడా లేడు. ఒక్కడే నడిపి, ఒక్కడే పట్టా కట్టి, ఒక్కడే కాపలా కాస్తున్నాడు.

బయటి దేశాలు దీన్ని లెక్కలతోనే తేల్చుకున్నాయి. అమెరికాలో స్లీపర్ పడక కనీసం 75 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు ఉండాలి. 1982 చట్టంతో అక్కడి పెద్ద హైవేల మీద మొత్తం బండిని కాక ట్రైలర్‌ను మాత్రమే కొలవడం మొదలైంది. దాంతో క్యాబిన్ పెంచితే సరుకు చోటు తగ్గుతుందన్న భయం పోయింది, పెద్ద స్లీపర్లు వచ్చాయి. ఐరోపాలో మొత్తం పొడవునే కొలుస్తారు కాబట్టి క్యాబ్ ఓవర్‌లే నిలిచాయి. 2015లో వాళ్లూ ఒక సడలింపు ఇచ్చారు. భద్రత, ఇంధన పొదుపు పెంచే క్యాబిన్ అయితే పొడవు పరిమితి దాటొచ్చు, కానీ ఆ వంకతో సరుకు ఎక్కించే చోటు పెరగకూడదు అన్నారు. మనకు కావలసింది ఇలాంటి నిబంధనే.

అందుకే అడుగుతున్నాను. దూరప్రయాణం చేసే కొత్త భారీ లారీలకు పడక కొలత అంగుళాల్లో చెప్పండి. ఆరడుగుల మనిషి కాళ్లు చాపుకోగలగాలి, పరుపు సమంగా ఉండాలి. అందుకోసం పెరిగే అడుగున్నరను 12 మీటర్ల లెక్కలోంచి తీసేయండి. బాడీ పొడవు మాత్రం పెంచనివ్వకండి. ఇంజిన్ ఆపినా బ్యాటరీ మీద నడిచే చిన్న ఏసీ, క్యాబిన్ పైకప్పుకు, ఇంజిన్ మూతకు వేడి ఆపే పొర, ఈ రెండూ స్లీపర్ క్యాబిన్‌కు తప్పనిసరి చేయండి. వీటితో లారీ ధర పెరుగుతుంది. ఒక్క లారీ నడుపుకునే చిన్న ఓనర్ ఆ భారం ఒంటరిగా మోయలేడు, జీఎస్టీలోనో లోను వడ్డీలోనో కొంత తగ్గించాలి. పాత లారీలు ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి. వాటి కోసం గుత్తి, డోన్, అనంతపురం దగ్గర హైవే పక్కన నీడ, నీళ్లు, కాపలా ఉన్న పార్కింగ్ కావాలి. డీజిల్ దొంగల భయం లేకపోతేనే మనిషికి కన్ను మూతపడేది.

ముసాయిదా నిబంధనలు వచ్చినప్పుడు మీ శాఖ అభ్యంతరాలు, సూచనలు అడుగుతుంది. అవి ఇంగ్లీషులో, గెజిట్‌లో ఉంటాయి. లోడు కోసం ఎదురుచూసే డ్రైవర్ దాకా అవి రావు. పడక కొలతలు రాసేముందు మీ అధికారులను మే నెలలో ఒకసారి గుత్తికో తాడిపత్రికో పంపండి. డ్రైవర్లతో తెలుగులో మాట్లాడించే ఏర్పాటు మా ఆఫీసు తరఫున నేను చేస్తాను.

ఇట్లు,
లారీ బుకింగ్ ఆఫీసు గుమాస్తా,
తాడిపత్రి, అనంతపురం జిల్లా