తెమడ పరీక్షలో నెగెటివ్ వస్తే టీబీ లేనట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

మా అత్తయ్యకు షుగర్ ఉంది. నిరుడు సంక్రాంతి వెళ్లాక పట్టుకున్న దగ్గు ఉగాది వచ్చినా తగ్గకపోతే దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేయించాం. నెగెటివ్, టీబీ లేదు, అలర్జీ అయ్యుంటుంది అని సిరప్పులూ యాంటీబయాటిక్ బిళ్లలూ రాసిచ్చారు. ఇంకో మూడు నెలలు అలాగే గడిచాయి. ఆరు కిలోలు తగ్గిపోయింది, రాత్రిళ్లు చెమటకు జాకెట్టు తడిసి ముద్దయ్యేది, ఎండాకాలం కదా అనుకున్నాం. చివరికి ఇంకోచోట సీబీనాట్ అనే మరో రకం తెమడ పరీక్ష చేయిస్తే టీబీ అని ఆ పూటే తేలింది.

మొదటి పరీక్ష ఎలా జరిగిందో నేను పక్కనే ఉండి చూశాను. పొద్దున పదకొండింటికి, టిఫిన్ తినొచ్చిన మనిషి చేతిలో డబ్బీ పెట్టి 'ఊసి తీసుకురామ్మా' అన్నారు, అంతే. వరండా నిండా జనం. ఆవిడ సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి ఊసింది. డబ్బీలో పడింది నురగ ఉమ్మి, తెమడ కాదు. ఎవరూ మూత తీసి చూడలేదు. రెండోచోట నర్సమ్మ ముందురోజే డబ్బీ ఇచ్చి, పొద్దున్నే పరగడుపున నోరు నీళ్లతో పుక్కిలించి, రెండుమూడుసార్లు గట్టిగా ఊపిరి తీసుకుని లోపల్నుంచి దగ్గి తీయమని చెప్పింది. ఈసారి చిక్కగా, పసుపుపచ్చగా వచ్చింది.

సరైన తెమడ ఇచ్చినా, దాన్ని గాజు స్లైడు మీద పూసి చూసే మైక్రోస్కోపుకు ఒక హద్దుంది. మిల్లీలీటరుకు 5 వేల నుంచి 10 వేల క్రిములు ఉంటేగానీ స్లైడు మీద కనపడవు. కల్చర్ పెడితే, అంటే తెమడలోని క్రిములను ల్యాబులో పెంచి చూస్తే, 10 నుంచి 100 ఉన్నా పెరుగుతాయి, అందుకే డాక్టర్లు దాన్నే ఎక్కువ నమ్ముతారు, కానీ లేదు అని తేల్చాలంటే ఆరు వారాలు ఆగాలి, అన్నాళ్లు దగ్గుతూ ఇంట్లో కూర్చునేదెలా? సీబీనాట్, గోవా కంపెనీ తయారుచేసిన ట్రూనాట్ క్రిమి జన్యువునే వెతుకుతాయి, గంటల్లో చెబుతాయి, టీబీకి ముఖ్యమైన రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో కూడా తేలుస్తాయి. ట్రూనాట్ బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి చిన్న ఆసుపత్రిలోనూ పెట్టుకోవచ్చు. మొదటి పరీక్షగా ఇలాంటివే చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

అయితే ఇవీ అన్నీ పట్టేయవు. స్లైడులో కనపడకుండా కల్చర్‌లో మాత్రమే బయటపడే రోగుల్లో సీబీనాట్ ఒక్కసారి చేస్తే దొరికేది ముగ్గురిలో ఇద్దరే. ఆ మూడో మనిషిని ఇంటికి పంపేయకూడదు. ఎక్స్‌రే తీయాలి, మళ్లీ తెమడ అడగాలి, రాకపోతే ఉప్పునీటి ఆవిరి పట్టించి తీయించాలి, అప్పటికీ అనుమానముంటే బ్రాంకోస్కోపీ, అంటే సన్నని గొట్టం లోపలికి పంపి ఊపిరితిత్తుల్ని చూసే పరీక్ష. 2019-21లో జరిగిన జాతీయ టీబీ సర్వేలో ఎక్స్‌రే తీయకపోయుంటే 42.6 శాతం కేసులు తప్పిపోయేవని తేలింది. అలాగని ఎక్స్‌రేలో మచ్చ కనపడగానే టీబీ మందులు మొదలుపెట్టడమూ తప్పే, పాత మచ్చ కావచ్చు, న్యుమోనియా కావచ్చు, క్యాన్సర్ కూడా కావచ్చు. ఇంకోమాట, టీబీ కోసమని రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్షలను కేంద్రం 2012లోనే నిషేధించింది, ఎవరైనా రాస్తే డబ్బు పోగొట్టుకోకండి.

ఆ మూడు నెలలూ మా నాలుగేళ్ల పాప నానమ్మ పక్కలోనే పడుకుంది. దానికి జబ్బు లేదని తేలినా ముందుజాగ్రత్తగా ఆరు నెలలు రోజూ బిళ్ల వేయాల్సి వచ్చింది. చేదు అని ఏడ్చేది, తేనెలో నూరి పెట్టేదాన్ని.

ఆసుపత్రులవాళ్లను అడిగేది ఇదే. చీటీ మీద 'టీబీ లేదు' అని రాయకండి, 'స్లైడులో క్రిములు కనపడలేదు' అని రాసి, తర్వాత ఏ పరీక్ష, ఎక్కడ, ఎప్పుడు అన్నది కిందే రాసివ్వండి. డబ్బీ ముందురోజు సాయంత్రమే ఇవ్వండి. ఆడవాళ్లు సిగ్గుపడకుండా దగ్గి ఊయడానికి ఆరుబయట, గాలి ఆడేచోట ఒక చాటు చూపించండి.

— ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా