కలెక్టర్ గారూ, కర్నూలు తాగునీటి లెక్క అక్టోబరులోనే తేల్చండి

కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

కొళాయి నీళ్ల సంగతి మున్సిపల్ కమిషనర్‌కు కదా రాయాల్సింది అని మీరు అనుకోవచ్చు. కాలువకు ఎప్పుడు, ఎన్ని నీళ్లు వదలాలో మాట్లాడే నీటిపారుదల సలహా మండలికి అధ్యక్షులు మీరే. ఊరికి తాగునీళ్లు అందకపోతే జవాబు చెప్పాల్సిందీ మీరే. అందుకే మీకు రాస్తున్నాను.

మన ఊరికి తాగునీళ్లిచ్చే, తుంగభద్ర మీదున్న సుంకేసుల బ్యారేజీ సామర్థ్యం 1.2 టీఎంసీలు, అంటే దాదాపు 3,400 కోట్ల లీటర్లు. నగరంలో ఆరు లక్షల మంది ఉన్నారనుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్లు ఇచ్చినా రోజుకు ఎనిమిది కోట్ల లీటర్లు చాలు. కాగితం మీద లెక్కేస్తే ఏడాది దాటి రావాలి. మరి కరువు వచ్చినప్పుడల్లా గాజులదిన్నె ప్రాజెక్టు నుంచి హంద్రీ నదిలోకి నీళ్లు వదలండని ఎందుకు అడుక్కోవాలి? ఎందుకంటే బ్యారేజీలో ఉన్నవన్నీ ఊరి నీళ్లు కావు. అక్కడి నుంచే కె.సి. కెనాల్ కింద పొలాలకూ పోవాలి. పూడిక కొంత చోటు తినేస్తుంది. మన ఎండలు తాగేది వేరే. రైతు మీద నాకు ఫిర్యాదేమీ లేదు, ఆయన పైరు కోసం ఆయన అడుగుతాడు. ఊరి వాటా ఇంత, దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు అని జనానికి తెలిసేలా ముందే గీత గీయాలి.

పైనుంచి వచ్చే నీళ్ల మీద పూర్తి భరోసా పెట్టుకోలేం. తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది. పూడికతో ఇప్పుడు 105 దగ్గరికి వచ్చింది. 2024 ఆగస్టులో దాని 19వ గేటు కొట్టుకుపోతే ఇక్కడ మనకు ఎంత టెన్షన్ పట్టుకుందో మీ ఆఫీసుకూ తెలుసు.

కాలిఫోర్నియాలో పట్టణాలకు నీళ్లిచ్చే సంస్థలు కొరతను ఆరు మెట్లుగా విడగొట్టి, ఏ మెట్టులో ఏం చేస్తాయో ముందే రాసిపెట్టుకోవాలని చట్టమే ఉంది. 2018లో కేప్‌టౌన్ అయితే మనిషికి రోజుకు 50 లీటర్లే అని చెప్పి, డ్యాముల్లో ఎంత మిగిలిందో వారం వారం జనం ముందు పెట్టింది. మనకు ఆరు మెట్లు అక్కర్లేదు, మూడు చాలు. సుంకేసులలో, మునగాలపాడు సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులో నీటిమట్టం ఇంతకు దిగితే మొదటి మెట్టు: కార్లు కడిగే సెంటర్లు, రోడ్డు మధ్య మొక్కలు, కొత్త కట్టడాలు, వీటికి తాగునీళ్లు బంద్. ఇంకా దిగితే ఫంక్షన్ హాళ్లు, హోటళ్లు. ఇళ్లకు కోత పెట్టేది ఆ తరువాతే. పెద్దాసుపత్రికి మాత్రం ఏ మెట్టులోనూ కోత ఉండకూడదు. గద్వాల, బళ్లారి వైపు నుంచి కూడా రోగులు వచ్చే చోటు అది. మట్టం దిగిన రోజే మెట్టు అమలులోకి రావాలి. ఫోన్లు, సిఫార్సులు, మళ్లీ ఒక మీటింగ్ అంటూ కూర్చోకూడదు.

ఇంకో మాట. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియకపోవడం వల్ల ఎన్ని నీళ్లు పోతాయో ఎవరూ లెక్కవేయరు. మా వీధిలో చూడండి: కొళాయి రాగానే ముందు డ్రమ్ములో ఉన్న పాత నీళ్లు కాలువలో పారబోస్తారు, తరువాత కొత్తవి పడతారు. తప్పంటారా? రేపు వస్తాయో రావో తెలియనప్పుడు ఎవరైనా అంతే చేస్తారు. కొళాయికి మోటారు బిగించి లాగేవాళ్లదీ అదే భయం. వాళ్లు లాగాక పైపు చివర ఉన్న ఇళ్లకు గాలి తప్ప ఏమీ రాదు. పైగా పైపులో ఒత్తిడి పడిపోతే, పగుళ్లున్న చోట పక్కనున్న మురికి లోపలికి పోతుంది. వేసవిలో వాంతులు, విరేచనాల కేసులు ఊరికే పెరగవు. ఏ వీధికి ఏ రోజు, ఎన్ని గంటలకు వదులుతారో వార్డు సచివాలయం గోడ మీద రాసి, ఆ మాట నిలబెట్టుకుంటే ఈ దండగ చాలావరకు ఆగుతుంది. రెండు రోజులకోసారి ఇచ్చినా సర్దుకుంటాం. ప్రైవేటు ట్యాంకర్ల రేటు కూడా ఆ గోడ మీదే ఉండాలి. ఏప్రిల్‌లో వాళ్లు నోటికొచ్చినంత చెబుతున్నారు.

ఈ అక్టోబరులోనే సలహా మండలి అజెండాలో కర్నూలు నగర తాగునీటి వాటాను మొదటి అంశంగా పెట్టించండి. ఏ మట్టానికి ఏ మెట్టో తేల్చి, తెలుగులో ఒక్క పేజీ ప్రకటన ఇవ్వండి. సంక్రాంతిలోపు అది మా వార్డు సచివాలయానికి చేరితే మేం కూడా మా అపార్టుమెంట్లలో సంపులు, బోర్ల లెక్క తీసి పెట్టుకుంటాం.

ఇట్లు,
కల్లూరు నుంచి ఒక పన్ను చెల్లింపుదారు