అగ్గిపుల్లలు చేసిన ఆడపిల్లలు

ప్రియమిత్రమా,

నువ్వు చదివిన మదనపల్లె కళాశాల పేరులో ఉన్న అనీ బిసెంట్ అనగానే మనకు హోమ్‌రూల్ ఉద్యమమే గుర్తొస్తుంది. ఆమె మన దేశానికి రాకముందు, 1888 జూన్‌లో, తూర్పు లండన్‌లోని బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ గురించి ఒక వ్యాసం రాసింది. అది చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

అక్కడి ఆడపిల్లలు వేసవిలో ఉదయం ఆరున్నర నుంచి సాయంత్రం ఆరింటి దాకా నిలబడే పనిచేసేవారు. పదహారేళ్ల పిల్లకు వారానికి నాలుగు షిల్లింగులు (షిల్లింగుకు పన్నెండు పెన్నీలు) వస్తే, కాళ్లు మురికిగా ఉన్నాయని అందులోంచే మూడు పెన్నీలు జరిమానా కోసేవారు. అంతకంటే ఘోరం, పుల్లల తలకు పూసే తెల్ల భాస్వరం. దాని ఆవిరి రోజూ పీల్చేవారిలో కొందరికి పంటినొప్పితో మొదలై, చిగుళ్లు వాచి, చీము పట్టి, చివరకు దవడ ఎముకే కుళ్లిపోయేది. పక్కన ఎవరూ కూర్చోలేనంత దుర్వాసన వచ్చేది, ఎముకను కోసి తీసేయడం తప్ప వైద్యుల దగ్గర మరో దారి ఉండేది కాదు. తినడానికి వేరే గది లేక పనిచేసే చోటే తినేవారు కాబట్టి, ఆ విషం తిండితోపాటు కూడా నోట్లోకి పోయేది.

నాకు మింగుడుపడనిది ఏమిటంటే, హాని చేయని ఎర్ర భాస్వరం అప్పటికే ఉంది. దానితో చేసే సేఫ్టీ అగ్గిపుల్లల హక్కులను ఈ కంపెనీయే 1855లో కొనుక్కుంది. ఫిన్లాండ్ 1872లో, డెన్మార్క్ 1874లో తెల్ల భాస్వరాన్ని నిషేధించాయి. అయినా తెల్ల భాస్వరంతో చేసే, ఎక్కడ గీసినా వెలిగే చవక పుల్లలకు గిరాకీ ఉన్నందున, లండన్‌లో ఆ పిల్లల దవడలను లెక్కచేసినవారు లేరు.

వ్యాసంలో ఉన్నదంతా అబద్ధమని సంతకం పెట్టమంటే పనివాళ్లు పెట్టలేదు. ఒక అమ్మాయిని పనిలోంచి తీసేయగానే జులైలో సుమారు 1,400 మంది బయటికి నడిచారు. సమ్మె ఘనతను చాలామంది బిసెంట్‌కే కట్టబెడతారు, అది న్యాయం కాదని నా అభిప్రాయం. ఆమె కలం, ఆమె పరపతి ఎంతో తోడ్పడ్డాయి కానీ, సమ్మెకు దిగిన ధైర్యం మాత్రం ఆ పిల్లలదే. రెండు మూడు వారాల్లోపే జరిమానాలు రద్దయ్యాయి, భోజనానికి వేరే గది ఇస్తామన్న మాట వచ్చింది.

భాస్వరం మాత్రం పోలేదు. దవడ జబ్బు కేసులను దాచిపెట్టినందుకు 1898లో కోర్టు ఆ కంపెనీకి వేసిన శిక్ష పాతిక పౌండ్ల పైచిలుకు జరిమానా మాత్రమే. 1908లో చేసిన నిషేధ చట్టం అమల్లోకి వచ్చేసరికి 1910 అయింది. సమ్మె నాటి పిల్లలు అప్పటికి నడివయసుకు చేరుతూ ఉండి ఉంటారు.

నీ మిత్రుడు