పేపర్లో వేసే టీఎంసీల బాక్స్ మా లెక్కల క్లాసులోకి ఎందుకు రాదు?

సంపాదకులు గారికి నమస్కారం అండి,

నేను విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తాను, ఇరవై ఏళ్లు దాటింది. వానాకాలం వస్తే మీ పేపర్లో ఒక చిన్న బాక్స్ వేస్తారు కదా, శ్రీశైలం ఇన్ని అడుగులు, సాగర్ ఇన్ని అడుగులు, నిల్వ ఇన్ని టీఎంసీలు, ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు అని, ఆ బాక్స్ వల్లే ఈ ఉత్తరం రాయాల్సొచ్చింది. మొన్న దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకెళ్లి సెకండియర్ బీఎస్సీ పిల్లల్ని అడిగా, రోజంతా లక్ష క్యూసెక్కులు వస్తే ఎన్ని టీఎంసీలు పెరుగుద్దిరా అని. క్లాసంతా సైలెంట్. ఇంటిగ్రేషన్లో ఇరవైకి పద్దెనిమిది తెచ్చుకునే పిల్లలండీ వీళ్లు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, రోజుకి 86,400 సెకన్లు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ, లక్షకైతే 8.64. హైస్కూల్ పిల్లాడు చేసే లెక్క. రాక కాదు, అది కూడా లెక్కే అని వాళ్లకి ఎవరూ చెప్పలేదు, నేను కూడా ఇన్నేళ్లూ చెప్పలేదు, అది నా తప్పే.

సరే, దారిలో పడ్డాక ఇంకోటి ఇచ్చా. 2024 సెప్టెంబర్ 2న కృష్ణా నది మీద మా ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లింది, మా ఊళ్లో ఎవరూ మర్చిపోరు. ఆ జోరు రోజంతా ఉంటే దాదాపు 99 టీఎంసీలు, పైనున్న పులిచింతల జలాశయం రెండుసార్లు నిండిపోయి ఇంకా మిగులుద్ది. బ్యారేజీ పట్టేది 3 టీఎంసీల పైన కొంచెం, అంటే ఖాళీ బ్యారేజీ అయినా ముప్పావుగంటలో నిండిపోద్ది. "మరి అందరూ బ్యారేజీలో నీళ్లు ఆపొచ్చు కదా అన్నారేంటి సార్" అని ఒకడు అడిగాడు. వాట్సాప్ లో అన్నవాళ్లు ఈ భాగహారం చేసుంటే అనేవాళ్లు కాదురా అన్నాను.

శ్రీశైలం ఇంకా బాగుంటది. 885 అడుగుల దగ్గర 215.8 టీఎంసీలు, 854 దగ్గర సుమారు 90, 834 దగ్గర సుమారు 54. గ్రాఫ్ గీయమంటే అందరూ సరళరేఖ వస్తుందనుకున్నారు, గీస్తే వంకర తిరిగింది. పైన 31 అడుగుల్లో అడుక్కి నాలుగు టీఎంసీలు, కింద 20 అడుగుల్లో అడుక్కి రెండు కూడా లేదు. డెరివేటివ్ అంటే ఇదేరా, ఎంత వేగంగా మారుతోందో చెప్పేది అంటే ఒకమ్మాయి "ఓ, ఇదా సార్" అంది చూడండి, ఇన్నేళ్ల సర్వీసులో ఆ మాట నాలుగైదుసార్లు విని ఉంటానేమో. 854, 834 అని టీవీల్లో ఆంధ్రా, తెలంగాణ రెండు రాష్ట్రాల వాళ్లు గొంతు చించుకుంటారు గానీ ఆ అడుగుకీ ఈ అడుగుకీ నీళ్లలో తేడా ఎంతో ఏ యాంకరూ చెప్పగా నేను వినలేదు.

ఇప్పుడు అసలు విషయం. డిగ్రీలో ఏ గ్రూపు చదివినా పర్యావరణం పేపర్ తప్పనిసరి, 1991లో సుప్రీంకోర్టు చెప్పింది, 2003లో మళ్లీ గట్టిగా చెప్తే యూజీసీ ఆర్నెల్ల సిలబస్ పెట్టింది. మంచిదే. కానీ పిల్లలు దాన్ని ఎలా చదువుతున్నారంటే గైడ్ కొనుక్కుని ముందురోజు రాత్రి "వాయు కాలుష్య కారణాలు ఏవి" అని బట్టీ పట్టి రాసేసి బయటికొచ్చి మర్చిపోతున్నారు. పక్క గదిలో నేను స్టాటిస్టిక్స్ చెప్తూ నాణెం ఎగరేస్తే బొమ్మా బొరుసా, సంచిలో ఎర్ర బంతులెన్ని అని చెప్తుంటా. ఈ రెండు గదుల మధ్య ఒక గోడే, ఇన్నేళ్లుగా ఎవరూ తలుపు పెట్టలేదు.

తలుపు పెడితే ఏమవుద్దో ఒక్కటి చెప్తా. గాలి నాణ్యత చూసే స్టేషన్ రీడింగులు పిల్లలతో డౌన్‌లోడ్ చేయించా. ఒక గ్రూపు సంబరంగా వచ్చి "సార్ మన గాలి ఓకే, లిమిట్ లోపలే ఉంది" అన్నారు. అనుమానమొచ్చి ఫైల్ తెరిచి చూస్తే, కరెంటు పోయో ఏదో అయ్యో మిషన్ రీడింగ్ ఇవ్వని చోట గడి ఖాళీగా ఉంది, వీళ్లు ఖాళీ ఎందుకులే అని సున్నా కొట్టేశారు. బోర్డు మీద అయిదు అంకెలు వేసి చూపించా, 60, 70, 0, 80, 90. సున్నాతో కలిపి సగటు 60, పీఎం 2.5 కి, అంటే గాల్లో తేలే సన్నటి ధూళికి, మన దేశంలో రోజు సగటు పరిమితి ఘనపు మీటరుకి సరిగ్గా 60 మైక్రోగ్రాములే కాబట్టి పాస్. ఆ సున్నా తీసేస్తే నాలుగింటి సగటు 75, ఫెయిల్. గాలి నాణ్యత సూచీలోకి (ఏక్యూఐ) మారిస్తే మొదటిది 100, అంటే "సంతృప్తికరం", రెండోది సుమారు 149, అది ఇంకో రంగు. గాలి అదే, పీల్చిన ఊపిరితిత్తులు అవే, ఒక్క సున్నా మారింది. ఆ రోజు నుంచి ఖాళీ గడి కనబడితే మా పిల్లలు ఉలిక్కిపడుతున్నారు.

వరద లెక్క కొంచెం బాధగా నడిచింది. "వందేళ్లకోసారి వచ్చే వరద" అని అందరూ అనేస్తారు కదా, జనం ఏమనుకుంటారంటే మళ్లీ మనవళ్ల కాలానికే అని. అర్థం అది కాదు, ఏ ఏడాదికైనా నూటికి ఒక వంతు అవకాశం అని. 2009 అక్టోబర్లో కూడా బ్యారేజీకి 11 లక్షల దరిదాపుల్లో వచ్చింది, పదిహేనేళ్లే కదా మధ్యలో. ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా రావడానికి అవకాశం ఎంతంటే 0.99 ని ముప్పైసార్లు గుణించి ఒకటిలోంచి తీసేస్తే 26 శాతం. సింగ్ నగర్ నుంచి వచ్చే ఒకమ్మాయి ఉంది, 2024లో బుడమేరు వాగు వాళ్లింట్లోకి వచ్చింది, ఫ్రిజ్ మంచం అన్నీ పోయాయి. వెనక బెంచీలో కూర్చుని ఫోన్లో ఏదో నొక్కుతోంది, ఏంటమ్మా అంటే "మా నాన్న హోమ్ లోన్ ఇంకా 18 ఏళ్లుంది సార్, ఆ లోపు మళ్లీ వరద రావడానికి పదహారున్నర శాతం వచ్చింది" అంది. నేనేం చెప్పాలో తోచలేదు. ఆ వంద అనే నంబర్ కూడా పాత రికార్డుల మీద వేసిన అంచనానే, వానల తీరు మారితే అదీ మారుద్ది అని మాత్రం చెప్పా, అది ఓదార్పు కాదని నాకూ తెలుసు.

లాగరిథమ్స్ దేనికి సార్ అని అడిగేవాళ్లకి వినాయక చవితి డీజే చాలు. ఇళ్ల మధ్య పగలు పరిమితి 55 డెసిబెల్స్, డీజే 85 అంటే ముప్పయ్యే ఎక్కువ కదా అనుకుంటారు, శబ్ద తీవ్రతలో వెయ్యి రెట్లు.

మా తోటి లెక్చరర్లు కొందరు సిలబస్సే పూర్తవట్లేదు, ల్యాబ్ లేదు అంటారు. ల్యాబ్ అక్కర్లేదండి, స్టేషనరీ షాపులో గ్రాఫ్ పేపర్లు, పిల్లల చేతుల్లో ఫోన్లు, అంతే నేను వాడింది. సిలబస్ మాట నిజమే, కాబట్టి యూనివర్సిటీల వాళ్లని కోరేది ఒకటే, పర్యావరణం పేపర్లో ఓ పాతిక మార్కులు బట్టీ నుంచి తీసి సొంత ఊరి డేటా మీద చిన్న ప్రాజెక్టుకి ఇవ్వండి, లెక్కల వాళ్లనీ పర్యావరణం వాళ్లనీ కలిసి దిద్దమనండి. ఇక ఆఫీసుల సంగతి. ఒక ఆఫీసుకి వెళ్లి పాత వర్షపాతం లెక్కలు అడిగితే స్కాన్ చేసిన పీడీఎఫ్ ఇచ్చారు, పేజీలు వంకర, 3 ఏదో 8 ఏదో తెలీదు, పిల్లలు మూడు రోజులు కూర్చుని టైపు చేశారు. అది వాళ్ల కంప్యూటర్లో ఎక్సెల్ ఫైల్ గానే ఉందని తర్వాత తెలిసింది.

మీకు కూడా ఒక విన్నపం అండి. గాలి నాణ్యత అంకె వేసేటప్పుడు పక్కన ఆ రోజు ఎన్ని గంటల రీడింగులు వచ్చాయో కూడా వేయండి. రోజు సూచీ కట్టాలంటే కనీసం 16 గంటల డేటా ఉండాలని రూలు ఉంది, 24కి 24 వచ్చాయా 16తో సరిపెట్టారా అని మా పిల్లలు రోజూ అడుగుతున్నారు.

ఇట్లు,
ఒక లెక్కల మేష్టారు, విజయవాడ