శుభలేఖల ఆర్డరిచ్చిన మీ అందరికీ ఒక మాట

నాలుగు రోజులుగా మా షాపుకొచ్చి ‘ప్రూఫ్ (అచ్చుకు ముందు సరిచూసుకునే కాపీ) రేపు’ అనే మాట విని వెనక్కి పోతున్నారు. అందులో తిరుచానూరు నుంచి రెండుసార్లు వచ్చిన పెద్దాయన కూడా ఉన్నారు. ఏం జరిగిందో నేనే చెప్పాలి.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు, అంటే మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు, ఆగిపోయింది. మీ అడ్రసులు, ఫోన్ నంబర్లు ఉన్న కంప్యూటరును అలా వదిలేయడం ఇష్టంలేక విండోస్ 11 వేయించాను. మర్నాడు, కార్డులు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ నొక్కితే బొమ్మ ఒక్క క్షణం కనబడి మాయం. మళ్లీ నొక్కినా అంతే. మీ మ్యాటరంతా అందులోనే, యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ అర్థమయ్యే ఉమ్మడి అక్షర పద్ధతి) కాని పాత తెలుగు ఫాంట్లలో ఉంది.

అప్‌గ్రేడ్ చేసిన పది రోజుల్లోపు పాత విండోస్‌కి వెనక్కి పోవచ్చు. ఆ దారీ లేకుండా చేశాడు సర్వీసు అతను. డిస్కులో జాగా కోసమని పాత విండోస్ ఫోల్డరు చెరిపేశాడు, నన్ను ఒక్క మాట అడగలేదు. పైగా “ఇంకా ఈ పాత సామాను ఏందన్నా, తీసి పారెయ్” అన్నాడు. ఇరవై ఏళ్లుగా మీ ఇళ్ల శుభలేఖలు కూర్చింది దాంతోనే. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. అతన్ని మళ్లీ పిలవను.

రాత్రి నేనే కూర్చున్నాను. విండోస్ తప్పుల చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో చూస్తే, పేజ్‌మేకర్ క్రాష్ అయిన ప్రతిసారీ ఒకే ప్రింటర్ డ్రైవరు (ప్రింటరును నడిపే సాఫ్ట్‌వేర్) ఫైలు పేరు. డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోస్ తనంతట తాను మార్చే సెట్టింగ్ ఆపి, ఆ డ్రైవరు తీసేసి, పీడీఎఫ్ ప్రింటరును డిఫాల్ట్‌గా పెట్టాను. ఒంటిగంటకు తెరుచుకుంది. మీ ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయి.

అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. ఇంకో అప్‌డేట్‌కి మళ్లీ పడిపోతే? అన్నీ ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్చేద్దామా? రెండు రోజులు తేల్చుకోలేకపోయాను. ఒక కార్డు మార్చి చూశాను. ‘జ్యోత్స్న’లో చివరి ఒత్తు ఊడి ‘జ్యోత్స’ అయింది. పెళ్లికూతురి పేరది! అక్కడే నిర్ణయించుకున్నాను: ఒప్పుకున్న కార్డులన్నీ పాతదాంట్లోనే పూర్తి చేస్తాను, కొత్త ఆర్డర్లు మాత్రమే యూనికోడ్‌లో.

ప్రింటరు సెట్టింగ్ మారింది కాబట్టి లైన్లు జరిగి ఉండొచ్చు. ఇంతకుముందు ఓకే చెప్పినవాళ్లు కూడా కొత్త ప్రూఫ్ అక్షరం అక్షరం చదవండి. రేపు సాయంత్రంలోగా అందరికీ వాట్సాప్‌లో పంపుతాను. ఆగలేమనుకుంటే అడ్వాన్సు పూర్తిగా ఇచ్చేస్తాను, ఫైలు కూడా పీడీఎఫ్‌లో ఇస్తాను. కానీ మీ కార్డు ఇంకొకరి మెషీను మీద పడడం నాకు ఇష్టం లేదు. రాత్రింబగళ్లు కూర్చునైనా ముహూర్తానికి ముందే చేతికిస్తాను.