రాత్రి బడి అమ్మల పేర్లు రాసి పెట్టుకుందాం

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం మాట వచ్చినప్పుడల్లా ఆ ఉద్యమానికి పేరుపడ్డ దూబగుంట ఊరి పేరు, అక్కడ ముందు నిలిచిన రోశమ్మ గారి పేరు చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. అయితే అవే రోజుల్లో చుట్టుపక్కల ఎన్నో ఊళ్లలో పొలం పని ముగించుకుని వచ్చి లాంతరు ముందు పలక పట్టుకున్న ఆడవాళ్ల పేర్లు ఎక్కడా కనిపించవు. వాళ్లకు అక్షరాలు దిద్దించిన వాళ్ల పేర్లూ అంతే. అలా దిద్దించిన వాళ్లలో ఒకరైన మా అత్తగారు గత నెల కన్నుమూశారు. ఆమె ట్రంకు పెట్టెలో దొరికిన ఒక నోటు పుస్తకం గురించి మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆమె పేరు రాయడం లేదు. తాను పోయాక పత్రికలో ఫొటో, పేరు వేయించవద్దని పిల్లలందరికీ ముందే గట్టిగా చెప్పారు. ఆ మాట దాటలేను. కలిగిరి ప్రాంతంలో చాలాకాలం ప్రాథమిక పాఠశాలలో పనిచేసిన టీచరమ్మ అంటే తెలిసినవాళ్లకు తెలుస్తుంది.

ఆమె పుట్టింది ఒంగోలుకు దగ్గర్లో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక బాప్టిస్టు కుటుంబంలో. 1876-78 కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న జనానికి కూలి పని చూపించారు. అక్కడ మట్టి మోసిన వాళ్లలో తమ పెద్దలూ ఉన్నారని వాళ్లింట్లో చెప్పుకునేవారు. 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను సంఘాల్లో ఇప్పటికీ గర్వంగా చెబుతారు. అత్తగారికి మాత్రం అది విన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది. "ఆ రెండు వేల మందిలో మా ముత్తవ్వ ఉందట. ఆమె పేరేమిటో మా నాన్నకు కూడా తెలియదు. దేవుడి దగ్గర రాసి ఉంటుంది, సరే. మనం రాసుకోవద్దా?" అనేవారు. కొత్త సంవత్సరం నాడు మనవళ్లను ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కించి, 1854లో అక్కడ ప్రార్థనకు మోకరించిన ఐదుగురి సంగతి చెప్పేటప్పుడు కూడా మిషనరీ జువెట్ దొర, దొరసానుల కన్నా ముందు నర్సు, జూలియా, రూతు అని మన తెలుగువాళ్ల పేర్లు పలికించేవారు.

ఆమె భక్తి అంతా తెల్లవారుజామునే. దీపం పెట్టుకుని, బైబిలు చదువుకుని, మోకాళ్ల మీద కూర్చుని తన తరగతి పిల్లల పేర్లు హాజరు పట్టీలో ఉన్న వరుసలోనే ఒక్కొక్కటిగా చెప్పి ప్రార్థించేవారు. బడిలో మాత్రం మతం మాట ఎత్తేవారు కాదు. ఆ పిల్లల్లో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఉన్నారు. తమ పేరు చెప్పి టీచరమ్మ ప్రార్థన చేస్తుందని వాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు.

1991లో జిల్లాలో పెద్దవాళ్లకు చదువు నేర్పే అక్షరదీపం కార్యక్రమం మొదలైనప్పుడు పగటి బడి అయ్యాక రాత్రి బడి కూడా నెత్తిన వేసుకున్నారు. పొగాకు పనికి వెళ్లే ఆడవాళ్లే ఎక్కువ. ఆకు జిగురు వేళ్లకు పట్టి బలపం అతుక్కుపోయేది. బూడిదతో చేతులు రుద్దుకుని వచ్చి కూర్చునేవారు. అక్షరమాల వరుసగా చెప్పకుండా మొదట ఎవరి పేరు వాళ్లకు నేర్పేవారు. పేరులో 'క్ష్మ' ఉన్నవాళ్లకు ఆ ఒక్క ఒత్తు కోసం విడిగా కాగితం ఇచ్చి దిద్దించేవారట.

ఆ నోటు పుస్తకం ఆ రోజులదే. పేజీకి ఒకరు. ఎడమ వైపు నీలి సిరాతో వేలిముద్ర. కుడి వైపు వాళ్లు చేసిన మొట్టమొదటి సంతకం. కొన్ని సంతకాలు గీత దాటి కిందికి జారాయి. ఒకామె సున్నాను వేలిముద్ర అంత పెద్దగా పెట్టింది. కొన్ని పేజీల్లో కుడి వైపు ఖాళీ. అక్కడ అత్తగారు పెన్సిలుతో రాసుకున్నారు: "కాన్పుకు పుట్టింటికి". "మిరపకోతకు గుంటూరు వైపు వలస". "మగడు రానివ్వలేదు". ఈ చివరి మాట ఒక్క పేజీలో లేదు, చాలా చోట్ల ఉంది.

సారా దుకాణం ఎత్తేయాలని ఆ ఊరి ఆడవాళ్లు అర్జీ పెట్టాలనుకున్నప్పుడు అత్తగారు ముందు నిలబడి నినాదాలు ఇవ్వలేదు. ప్రభుత్వ ఉద్యోగి, మామగారు అప్పటికే పోయారు, ముగ్గురు పిల్లలు. బదిలీ చేయిస్తామని బెదిరించిన వాళ్లూ ఉన్నారు. కానీ అర్జీ మీద ఒక్క వేలిముద్ర కూడా ఉండకూడదని పట్టుబట్టారు. వేలిముద్రలైతే ఎవరో పట్టుకుని వేయించారంటారు, సంతకాలైతే ఆ మాట అనలేరు అని ఆమె లెక్క. సంతకం రానివాళ్ల కోసం అర్జీని కొన్నాళ్లు ఆపారు కూడా. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అందులో ఆ కాగితం వంతు ఎంతో నేను చెప్పను గానీ, దాని మీద సంతకం పెట్టిన అమ్మల పేర్లు తెలియాలని మాత్రం గట్టిగా కోరుకుంటున్నాను.

నేను ఇంటర్ మధ్యలో ఆపేసి ఆ ఇంటి కోడలినయ్యాను. మరుసటి ఏడాదే అత్తగారు నాకు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీకి ఫీజు కట్టించారు. నేను పరీక్షలు రాస్తుంటే చంటిదాన్ని ఎత్తుకుని కాలేజీ చెట్టు కింద కూర్చున్నారు. ఈ రోజు నేనూ టీచరునే. ఆ చంటిది పెద్దదై, కళ్లు మసకబారిన అవ్వకు రోజూ మీ పత్రిక చదివి వినిపించేది. పాలు పోసే ఆమె వచ్చిందని అంటే ఊరుకునేవారు కాదు, పేరు కనుక్కుని రమ్మని దాన్ని మళ్లీ గుమ్మం దాకా పంపేవారు.

అయ్యా, నా కోరిక ఒకటే. రాత్రి బడుల్లో చదివినవాళ్లు, జీతం లేకుండా చదువు చెప్పిన వలంటీర్లు ఇప్పుడు అరవై, డెబ్బై దాటారు. జిల్లా పేజీలో వారానికి ఒకసారి కాస్త చోటిచ్చి, ఊరి వారీగా వాళ్ల పేర్లు, వాళ్లు చెప్పే సంగతులు వేయండి. హైస్కూలు పిల్లలు ఇంట్లో అవ్వలను అడిగి రాసుకొస్తే అదే మంచి తెలుగు పాఠమవుతుంది. మా బడిలో నేను ఈ పని మొదలుపెట్టాను. సేకరించినవి నెల్లూరు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో భద్రపరిస్తే రేపు చరిత్ర రాసేవాళ్లకు దొరుకుతాయి.

అత్తగారి నోటు పుస్తకానికి నకలు తీయించాను. అందులో సంతకాలు చేసిన వాళ్లలో కొందరు పిల్లల దగ్గర ఒంగోలులో, హైదరాబాదులో ఉంటున్నారని విన్నాను. వాళ్లు గానీ, వాళ్ల పిల్లలు గానీ మీ కార్యాలయానికి ఒక ఉత్తరం రాస్తే, వాళ్ల పేజీ నకలును నేనే స్వయంగా తీసుకెళ్లి ఇస్తాను.

ఇట్లు,
ఒక టీచరమ్మ కోడలు,
కావలి.