బిల్లు నాలుగు బ్రేక్ హోస్‌లకు, మార్చింది రెండే

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ ఒంగోలు సర్వీస్ సెంటర్‌లో బ్రేక్ హోస్‌లు మార్చిన తీరుపై ఫిర్యాదు.

ఆర్యా,

మాది 2014 మోడల్ కారు. రబ్బరు పాతబడిపోయిందని, చక్రాలకు బ్రేక్ ఆయిల్ చేర్చే గొట్టాలు, అంటే బ్రేక్ హోస్‌లు, నాలుగూ మార్చాలని మీ వాళ్లే చెప్పారు. బ్రేకుల దగ్గర బేరమేంటని వెంటనే ఒప్పుకున్నాను. నాలుగు హోస్‌లు, కాపర్ వాషర్లు, లీటరు డాట్ 4 బ్రేక్ ఆయిల్, బ్లీడింగ్ (లైనులో గాలి తీసే పని) లేబర్, అన్నిటికీ బిల్లు వేశారు. పైసాతో సహా కట్టాను.

బండి తీసుకున్న రోజే పెడల్ మెత్తగా ఉందని చెప్పాను. "కొత్త హోస్‌లు కదా సార్, రెండు రోజుల్లో సెట్ అయిపోతుంది" అన్నారు మీ సర్వీస్ అడ్వైజర్. అలా సెట్ అవ్వడమంటూ ఉండదు. హోస్‌లు మార్చాక పెడల్ మెత్తగా ఉందంటే లైనులో గాలి మిగిలిందేమోనని ముందు చూడాలి. ఆ గాలి బ్లీడ్ చేసి తీస్తేనే పోతుంది. నేను చెప్పిన ఆ నిమిషాన బండిని మళ్లీ లోపలికి తీసుకుని ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరమే వచ్చేది కాదు.

9 రోజుల తర్వాత అమ్మను తీసుకుని శ్రీశైలం వెళ్లాం. దర్శనం అయ్యాక దోర్నాల వైపు ఘాట్ దిగుతుంటే మీటర్‌లో బ్రేక్ ఎర్ర లైటు వెలిగింది. తర్వాతి మలుపులో పెడల్ దాదాపు అడుగుకి పోయింది. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే గానీ బ్రేక్ పట్టలేదు. గేర్లు దించుకుంటూ, హ్యాండ్ బ్రేక్ కొద్దికొద్దిగా లాగుతూ పక్కకు ఆపాను. వెనక సీట్లోంచి నా భుజం పట్టుకున్న అమ్మ, బండి ఆగిన చాలాసేపటి దాకా చెయ్యి తీయలేదు.

దోర్నాల నుంచి వచ్చిన మెకానిక్ ముందు ఎడమ చక్రం విప్పాడు. కాలిపర్‌కి (చక్రం దగ్గర బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగానికి) హోస్ బిగించే బోల్టు దగ్గర కాపర్ వాషర్లు పాతవే. ఒకసారి నలిగిన రాగి మళ్లీ సరిగ్గా కూర్చోదు, అందుకే హోస్ విప్పినప్పుడల్లా కొత్తవి వేయాలి. అక్కడినుంచే ఆయిల్ కారి చక్రం లోపలి వైపంతా తడిసిపోయింది. తర్వాత వెనక హోస్‌లు చూశాడు. వేలితో కాస్త వంచగానే ఎండిన చెరువులా నెర్రెలు కనిపించాయి. గుడ్డతో మట్టి తుడిస్తే 14 అని సంవత్సరం అచ్చు బయటపడింది. అంటే కారుతో పాటు వచ్చినవే. వాటిని మీ వాళ్లు ముట్టుకోనే లేదు.

ఆయన వాషర్లు మార్చి, గాలి తీసి పంపితే మెల్లగా ఇల్లు చేరాం. అప్పటినుంచి బండి బయటికి తీయలేదు.

వెనక హోస్‌లు రెండూ నా కళ్ల ముందే, ఉచితంగా మార్చాలి. విప్పిన పాతవి నా చేతికివ్వాలి. నాలుగు చక్రాలకూ మళ్లీ బ్లీడింగ్ చేయాలి. వేయని వాషర్ల డబ్బు, ఘాట్‌లో మెకానిక్‌కి ఇచ్చిన డబ్బు తిరిగివ్వాలి. ఇంకో మాట. ఆ రోజుల్లో అక్కడ బ్రేక్ పని చేయించుకున్న బండ్లన్నిటినీ దయచేసి పిలిపించి చూడండి. వాళ్లలో ఎవరు ఏ ఘాట్ ఎక్కబోతున్నారో మనకు తెలియదు.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్తాను.

బిల్లు, జాబ్ కార్డు, హోస్‌ల ఫోటోలు జతచేస్తున్నాను. పాత వాషర్లు నా దగ్గరే భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
కారు యజమాని,
ఒంగోలు